ఎవరి మోకాలండీ?

రండి, రండి. దగ్గరగా జరిగి కూర్చోండి. చాప చాలకపోతే ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చోండి, స్వామి ఏమనుకోడు. ఆ స్తంభం వెనక నిలబడ్డ పెద్దపిల్లలూ, మీరూ రండి. మీసం మొలిస్తే కథ వినకూడదని ఏ శాస్త్రంలోనూ లేదు. అసలు ఈ కథ మీకోసమే. ఈ ఏడుతో బడి వదిలి బయటికి పోయేవాళ్ళ కోసం.

ముందు కళ్ళు మూసుకుని కొండమీది నరసింహస్వామికి ఒక దండం పెట్టండి. పెట్టారా? అటు కాదు నాయనా, అది పులిహోర గిన్నె. స్వామి ఇటున్నాడు. ప్రసాదం కథ అయ్యాకే. ముందే పెడితే మీరు గోడ దూకుతారని నాకు తెలుసు. స్వామికి ఇంకా బాగా తెలుసు.

సరే, వినండి.

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక ఏరు. ఏటికి ఇవతల చిన్న అడవి, అవతల పెద్ద అడవి. ఇవతల పుట్టిన పిల్లలు ఇవతలే పెరగాలి, ఇవతలి బడిలోనే చదవాలి. చదువు పూర్తయిన రోజున మాత్రం ఏరు దాటి పెద్ద అడవిలోకి వెళ్ళిపోవాలి. ఎవరి తిండి వాళ్ళు వెతుక్కోవాలి. ఎవరి గూడు వాళ్ళు కట్టుకోవాలి. అది అక్కడి ఆచారం.

ఆ బడికి పెద్దమాస్టారు ఒక కొంగ. పేరు ధ్యానయ్య. మన చెరువుగట్టు మీద కనిపించే బుల్లి కొంగ కాదు, దాదాపు మనిషంత ఎత్తుండే పెద్ద కొంగ. కాళ్ళు చూస్తే వెదురుబొంగులే. ఒంటికాలి మీద నిలబడి, కళ్ళు అరమూసి పాఠం చెప్పేవాడు. చూసినవాళ్ళంతా, "ఆహా, ఏం తపస్సు! ఏం తపస్సు!" అని చెంపలేసుకునేవారు.

తపస్సు కాదు నాయనా. కునుకు.

అయినా మంచివాడే. పిల్లలంటే ప్రాణం. ఒక్కటే చిక్కు. పాఠం అయిపోగానే ముక్కు పైకెత్తి, "అర్థమైందా?" అని అడిగేవాడు. పిల్లలంతా ఒక్క గొంతుతో, "అర్థమైందండీ!" అని అరవాలి. ఆ అరుపుకి చెట్టు మీది ఆకులు రాలాలి. రాలకపోతే మళ్ళీ అరవాలి. రాలిన ఆకుల్ని బట్టి పాఠం ఎంత బాగా చెప్పానో ఆయన లెక్కేసుకునేవాడు.

ఎందుకు నవ్వుతున్నారు? మీ బడిలో రాల్చరా ఏం?

ఎవరైనా నోరు జారి "అర్థం కాలేదండీ" అన్నారో, ఒంటికాలి మీద నిలబెట్టేవాడు. "ఇది కూడా ఒక శిక్షేనా? నేను రోజంతా నిలబడటం లేదూ?" అనేవాడు. పాపం, ఆయనకి నిజంగానే తెలియదు. ఒకసారి తాబేలు పిల్లాణ్ణి అలాగే నిలబెట్టాడు. వాడు వెల్లకిలా పడి, బడి వదిలేదాకా ఆకాశం చూస్తూనే ఉన్నాడు. మర్నాటి నుంచి ఆ తరగతిలో అందరికీ అన్నీ అర్థమైపోయాయి.

ఇంకో నియమం కూడా ఉండేది. చదువు పూర్తయ్యేదాకా పిల్లలు ఏటి దగ్గరికి వెళ్ళకూడదు. వెళితే అరిష్టం, దేవుడికి కోపం వస్తుందట! దేవుడికి కాదమ్మా, మాస్టారికి. ఆయన మధ్యాహ్నం భోజనం ఆ ఏట్లోనే ఉండేది. పిల్లలు నీళ్ళలో దిగితే చేపలు బెదిరిపోవూ? దేవుడి పేరు చెప్పి మన చేపలు మనం కాపాడుకోవడం కొంగలతో మొదలైంది. కొంగలతోనే ఆగి ఉంటే ఎంత బాగుండేదో!

అంతకుముందు ఆ బడిలో చదివినవాళ్ళంతా దుప్పులు, జింకలు, కణుజులు. అంటే పొడుగుకాళ్ళవాళ్ళే. ఈ జట్టుతోనే మొదటిసారిగా పొట్టికాళ్ళ పిల్లల్ని కూడా చేర్చుకున్నారు. తాబేలు, ఉడుము, ముంగిస, ముళ్ళపంది. వాళ్ళతో పాటు పోలి.

పోలి ఎవరంటారా? పోలి ఒక అలుగు పిల్ల. అలుగుని చూశారా? చూసి ఉండరు, అది ఎవరికీ కనబడదు. ఒంటినిండా చేపకున్నట్టు పెంకులు, పొడుగాటి నాలుక. చీమలూ చెదలూ తిని బతుకుతుంది. భయం వేస్తే తల కడుపులో పెట్టుకుని బంతిలా చుట్టుకుపోతుంది. పోలికి భయం కాస్త ఎక్కువ. మాస్టారు "పోలీ!" అని పిలిస్తే చాలు, ఆ చోట పోలి ఉండేది కాదు, ఒక బంతి ఉండేది. తోటిపిల్లలు ఆ బంతిని కాలితో దొర్లించుకుంటూ ఆడుకునేవారు. మధ్యలో పోలి లేచి, "గోల్ అయిందా?" అని అడిగేది. అలా నవ్వుతూ అడిగేది గానీ, లోపల ఏడుపొచ్చేది.

పోలి తల్లి ఈరమ్మ. పుట్టలు తవ్వుకుని బతికే మనిషి. అయ్యో, మనిషన్నానా? అలుగు. ఏం చేస్తాం, తల్లులంతా ఒకలాగే ఉంటారు, నోరు జారుతుంది. వాళ్ళ వంశంలో బడి మొహం చూసినది పోలి ఒక్కతే. కూతురు బడి నుంచి వస్తుంటే దారిలో ఎవరు ఎదురైనా ఆపి, "మా పోలి చదువుతోంది," అని చెప్పేది. వాళ్ళు అడగకపోయినా చెప్పేది. అడగనివాళ్ళకే ఎక్కువ చెప్పేది.

ఆఖరి ఏడు వచ్చింది. "బడి అయ్యాక ఎలా బతకాలో కూడా పిల్లలకి నేర్పించండయ్యా," అని అడవి పెద్దలు అడిగారు. దానికి 'బయటి బతుకు పాఠం' అని పేరు పెట్టారు. చెప్పడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి వేరే కొండ నుంచి కొత్తగా వచ్చిన ఒక దుమ్ములగొండికి అప్పగించారు. పేరు తాయారమ్మ. నవ్వితే అడవి అవతలికి వినబడేది. దేనికైనా నవ్వేది. అందుకే అంత్యక్రియలకి ఆవిణ్ణి పిలిచేవారు కాదు పాపం.

మొదటి రోజు తాయారమ్మ టీచరు వచ్చి, "మీకు ఏం తెలియదో చెప్పండి," అంది.

ముళ్ళపంది ఓబులేసు లేచాడు. తరగతిలో వాడిదే పెద్ద గొంతు. వాడొక్కడు అరిస్తే సగం ఆకులు రాలేవి.

"మాకు అన్నీ తెలుసండీ!" అన్నాడు.

"అన్నీ?"

"అన్నీనండీ!"

తాయారమ్మ కిందపడి దొర్లి దొర్లి నవ్వింది. "అన్నీ తెలిసినవాళ్ళకి నేనేం చెప్పనురా? ఇవాళ్టికి బడి లేదు, పొండి," అంది.

రెండో రోజూ అదే ప్రశ్న, అదే జవాబు, అదే నవ్వు. మూడో రోజు ఆవిడ నవ్వు ఆపుకుని ఇలా చెప్పింది. "ఇదిగో, నా పాఠం ఒక్కటే. రేపటి నుంచి ఒక్కొక్కరూ ఒక 'అర్థం కాలేదు' పట్టుకురావాలి. ఉత్త చేతులతో వస్తే లోపలికి రానివ్వను."

మర్నాడు ఓబులేసు ముళ్ళు సర్దుకుని, "నా అంత తెలివైనవాడు ఈ అడవిలో ఇంకొకడు ఎందుకు పుట్టలేదో అర్థం కాలేదండీ," అన్నాడు.

"నాకైతే అర్థమైందిరా. అడవి అదృష్టం," అంది తాయారమ్మ.

తర్వాత పోలి వంతు. పోలి దగ్గర అర్థం కానివి బోలెడున్నాయి. కడుపునిండా ఉన్నాయి. నోరు తెరిచింది. అందరూ తనవైపే చూస్తున్నారు. అంతే, చుట్టుకుపోయింది.

తాయారమ్మ ఆ బంతి పక్కన కూర్చుంది. "పర్లేదే పిల్లా. బంతిలోనే ఉండి చెప్పు," అంది.

లోపలి నుంచి సన్నటి గొంతు వచ్చింది. "చీమలు వాన రాకముందే ఇల్లు మారతాయి గదండీ. వాటికి ఎవరు చెబుతారండీ?"

"నాకు తెలియదే," అంది తాయారమ్మ.

పిల్లలందరూ నోళ్ళు తెరిచారు. టీచరు 'తెలియదు' అనడం వాళ్ళు పుట్టి ఎరగరు. బంతిలోంచి ఒక కన్ను బయటికొచ్చింది.

"చూశారా?" అంది తాయారమ్మ. "తెలియదన్నాను. ఏమైంది? కొండ కూలిందా? నా తోక ఊడిందా? ఇప్పుడు తెలిసినవాళ్ళని అడుగుతా. అంతేనర్రా, బయటి బతుకంటే."

పోలి ఆ మాట మనసులో దాచుకుంది. కానీ మనసులో దాచుకున్నంత తేలిక కాదు గదమ్మా, నోటికి తెచ్చుకోవడం.

ఇంతలో పట్టాల పండుగ దగ్గరపడింది. చదువు పూర్తయిన పిల్లలకి అడవంతా చూస్తుండగా పూలదండలు వేసి ఏరు దాటించే పండుగ అది. నెల ముందు నుంచి పాఠాలు ఆపేశారు. రోజూ రిహార్సలే. తోక ఎంత ఎత్తు ఉండాలి, దండ పడగానే ఎటు నవ్వాలి, ముఖ్య అతిథికి ఎంతసేపు చప్పట్లు కొట్టాలి, ఇవన్నీ నేర్పారు. బయట ఏం తినాలో మాత్రం నేర్పలేదు. టైము లేదన్నారు.

ఇక ఏరు దాటడం ఉంది గదా, దానికీ రిహార్సలే. ఎక్కడ? బడి ముంగిట్లో, దుమ్ములో! ఒకరి తోక ఒకరు నోటితో పట్టుకుని వరసగా నిలబడాలి. ధ్యానయ్య మాస్టారు పాఠం చెప్పేవాడు.

"ఏరు మోకాలి లోతు!"

"ఏరు మోకాలి లోతు!"

"తల ఎత్తు!"

"తల ఎత్తు!"

"తిన్నగా నడువు!"

"తిన్నగా నడువు!"

తోకలు నోట్లో ఉన్నాయి గనక అది "ఏలు మోకాయి ఓతు" అని వినబడేది. అయినా ఆకులు రాలేవి. పిల్లలు దుమ్ములో కాళ్ళెత్తి కాళ్ళెత్తి వేస్తూ ఏరు దాటేసేవారు. రోజూ దాటేవారు. ఒక్కరికీ తడి అంటలేదు.

అలా దాటుతుండగా ఒక రోజు పోలికి ఒక అనుమానం వచ్చింది. వంగి తన మోకాలు చూసుకుంది. అది గడ్డిపరక కంటే కిందుంది. తలెత్తి మాస్టారి మోకాలు చూసింది. అది ఎక్కడో పైనుంది. పోలి నిక్కి నిలబడినా ముక్కు తగలదు.

'ఏరు మోకాలి లోతు. కానీ ఎవరి మోకాలు?'

వరసలో ముందున్న ఓబులేసుని పొడిచి అడిగింది. "ఒరేయ్ ఓబులేసూ, మోకాలంటే ఎవరి మోకాలురా?"

"మోకాలంటే మోకాలే! ఇంతకాలం చదివి ఇదా నువ్వు అడిగేది? నోర్మూసుకుని తోక పట్టుకో," అన్నాడు వాడు.

దుప్పి కుర్రాణ్ణి అడిగింది. వాడు కిందికి, చాలా కిందికి చూసి, "నా మోకాలికైతే ఏ ఇబ్బందీ లేదు. నీ సంగతి నాకు తెలియదు," అని తన పొడుగు కాళ్ళు సర్దుకున్నాడు.

ఇంటికెళ్ళి తల్లిని అడిగింది. ఈరమ్మ చీమగుడ్లు ఆకుల్లో పొట్లాలు కడుతోంది. పండుగకి చుట్టాలందరినీ పిలిచింది మరి. కూతురి మాట వినగానే పొట్లం వదిలేసింది.

"ఓయమ్మో! నేను చదువుకున్నానా తల్లీ చెప్పడానికి? మాస్టారు చెప్పాడంటే అది వేదం. నువ్వు అడిగావనుకో, పొట్టికాళ్ళవాళ్ళకి చదువు ఎక్కదు, చెబితే విన్నారు కాదు అంటారు. మళ్ళీ మనలాంటి వాళ్ళకి ఆ తలుపు మూసేస్తారు. నీకు దణ్ణం పెడతా, ఆ ఒక్క రోజూ 'అర్థమైంది' అనేసెయ్."

పోలి ఆ వదిలేసిన పొట్లం తీసి కట్టసాగింది. అమ్మ చెప్పింది అబద్ధం కాదు. అదే కష్టం.

మర్నాడు తాయారమ్మ టీచరు దగ్గరికి వెళ్ళి అంతా చెప్పింది. ఆవిడ నవ్వుతుందనుకుంది. నవ్వలేదు.

"ఆ ఏరు నాకు కొత్తే పిల్లా. లోతెంతో నాకు తెలియదు. తెలిసినాయన్నే అడగాలి," అంది.

"అడిగితే ఒంటికాలి మీద నిలబెడతారండీ."

"నిలబెడతాడు."

"అందరూ నవ్వుతారండీ."

"నవ్వుతారు. నేనూ నవ్వుతానేమో, నా నోటి మీద నాకు నమ్మకం లేదు."

"మరి మా అమ్మ?"

తాయారమ్మ పోలి పక్కన చతికిలబడింది. తర్వాత మెల్లిగా అంది. "నీ బదులు నేను అడగ్గలను. ఇప్పుడే వెళ్ళి అడుగుతా. కానీ ఏరు దాటాక నీ వెనక నేను రాను. అక్కడ పులి ఉంటుంది, ఉచ్చులుంటాయి, విషపు కాయలుంటాయి. అప్పుడు నీ బదులు ఎవరు అడుగుతారే? చెప్పు, అడగమంటావా?"

పోలి చాలాసేపు నేల గీరింది. "వద్దండీ," అంది. అనేసి చుట్టుకుపోయింది.

పండుగ రోజు వచ్చింది. ఏటి ఒడ్డున అడవంతా చేరింది. ముఖ్య అతిథి ఒక ముసలి అడవిదున్న. లేచి, "మీరే రేపటి అడవి. అడవంటే మీరే. మీరు లేకపోతే అడవి లేదు, అడవి లేకపోతే..." అని మొదలుపెట్టాడు. ఆ వాక్యం ఎక్కడ తేలుతుందో ఆయనకే తెలియక, అదే మాట తిప్పితిప్పి చెబుతూ నిలబడే నిద్రపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. ఉపన్యాసం బాగుందన్నారు.

పిల్లల మెడల్లో దండలు పడ్డాయి. పోలికి దండ నేల మీద ఈడ్చుకుంటోంది. ముందు వరసలో ఈరమ్మ కూర్చుంది. పక్కనున్న అడవికోడితో, "ఆ చివర పెంకులమ్మాయి లేదూ? మాదే," అంటోంది. ఆ కోడికి అది అప్పటికే బాగా తెలుసు.

పిల్లలు వరస కట్టారు. ముందు ఓబులేసు, వాడి తోక పట్టుకుని ముంగిస, దాని తోక పట్టుకుని ఉడుము, అలా పొట్టికాళ్ళవాళ్ళంతా ముందు. పొడుగుకాళ్ళవాళ్ళు వెనక. ఫోటోలో అందరూ కనబడాలి గదా! అడవిలో ఫోటో ఎవరు తీస్తారంటావా చిన్నోడా? ఎవరూ తియ్యరు. అయినా అలాగే నిలబెట్టారు. పోలి మాత్రం తన గొంతు మాస్టారికి వినబడాలని, ముంగిసని వెనక్కి నెట్టి ఓబులేసు వెనకే రెండోదిగా నిలబడింది.

ఏరు దగ్గరగా వినబడుతోంది. నీళ్ళు నల్లగా, జోరుగా పోతున్నాయి. పోలి వాటిని చూడటం అదే మొదటిసారి.

ధ్యానయ్య ముక్కు పైకెత్తాడు. "ఏరు మోకాలి లోతు! అర్థమైందా?"

"అర్థమైందండీ!" ఆకులు జలజలా రాలాయి.

"అర్థమైందా?"

"అర్థమైందండీ!" గూళ్ళలోంచి పిట్టలు లేచిపోయాయి.

పోలి నోరు తెరవలేదు. ఒళ్ళు చుట్టుకుపోవడానికి చూస్తోంది. తల దానంతటదే కడుపులోకి పోతోంది. పోలి దాన్ని బలవంతాన పైకి లాగింది. తల్లి వైపు చూడకుండా ఉంది. చూస్తే ఇక అడగలేకపోతుంది మరి.

"ఆఖరిసారి. అర్థమైందా?"

అందరూ ఊపిరి పీల్చుకుంటున్నారు. ఆ చిన్న సందులో ఒక సన్నటి గొంతు వినబడింది.

"అర్థం కాలేదండీ."

అడవంతా అటు తిరిగింది. ముఖ్య అతిథి కూడా మేలుకున్నాడు.

"ఎవరది?" అన్నాడు ధ్యానయ్య.

"నేనేనండీ. పోలినండీ."

"ఏం అర్థం కాలేదు?"

"మోకాలి లోతన్నారు గదండీ. ఎవరి మోకాలండీ?"

ముందు ఒక దుప్పి నవ్వింది. తర్వాత కోతులు. తర్వాత అడవంతా నవ్వింది. కొమ్మలూగేలా నవ్వింది. ఈరమ్మ తోకతో మొహం కప్పుకుంది. నవ్వనిది ఒక్క తాయారమ్మే.

ధ్యానయ్యకి ముక్కు ఎర్రబడింది. "పండుగపూట బడి పరువు తీస్తావా? మోకాలంటే ఏమిటో తెలియదా నీకు? ఆ దండ తీసెయ్. పక్కకి వెళ్ళి ఒంటికాలి మీద నిలబడు."

పోలి దండ తీసింది. ఓబులేసు తోక వదిలింది. వరస తెగింది. పక్కకి వెళ్ళి, తోక నేలకి ఆనించి, ఒంటికాలి మీద నిలబడింది. చుట్టుకుపోలేదు.

"ఓబులేసూ! నువ్వు నడిచి చూపించరా, మోకాలంటే ఏమిటో," అన్నాడు మాస్టారు.

ఓబులేసు ముళ్ళు విప్పాడు. "మోకాలట, మోకాలు!" అని పోలిని చూసి వెక్కిరించాడు. తల ఎత్తాడు. తిన్నగా నడిచాడు. ఒక అడుగు. రెండో అడుగు. మూడో అడుగు వేసిన చోట ఓబులేసు లేడు. నీళ్ళ మీద ఒక పూలదండ తిరుగుతోంది.

జనం ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు. రిహార్సల్లో అక్కడ చప్పట్లుండేవి మరి.

దిగువన దూరంగా చీపురుకట్టలాంటిది ఒకటి పైకి తేలి, మళ్ళీ మునిగింది.

"మాస్టారూ!" పోలి అరిచింది. ఆ గొంతులోంచి అంత పెద్ద అరుపు వస్తుందని ఎవరూ అనుకోలేదు. "మునిగిపోతున్నాడండీ! మీరు దిగండి! మీ కాళ్ళు పొడుగు!"

ధ్యానయ్య ఒక్క దూకు దూకాడు. రెక్కలు తడిశాయి, లెక్కచెయ్యలేదు. నీళ్ళలో పెద్దపెద్ద అంగలేస్తూ వెళ్ళి, ఆ ముళ్ళ కట్టని ముక్కుతో పట్టుకున్నాడు. ముక్కంతా ముళ్ళు గుచ్చుకున్నాయి. వదల్లేదు. లాక్కొచ్చి ఒడ్డున పడేశాడు.

తాయారమ్మ వాడి పొట్ట నొక్కింది. ఓబులేసు నీళ్ళు కక్కాడు. కళ్ళు తెరిచాడు. చుట్టూ చూసి, వాడన్న మొదటి మాట, "నాకు కూడా అర్థం కాలేదండీ!"

ఎవరూ నవ్వలేదు. ఎందుకంటే అందరూ ధ్యానయ్య వైపు చూస్తున్నారు. ఆయన ఓబులేసు మునిగిన చోటికి తిరిగి నడిచి, నీళ్ళలో నిలబడి ఉన్నాడు. తన కాళ్ళ వైపు చూసుకుంటున్నాడు. నీళ్ళు సరిగ్గా ఆయన మోకాలి దాకా ఉన్నాయి. వెంట్రుకవాసి ఎక్కువా లేదు, తక్కువా లేదు. చెప్పిన పాఠంలో తప్పు లేదు.

తర్వాత ఆయన ఒడ్డున నిలబడ్డ వరసని చూశాడు. ఒకరి తోక ఒకరు పట్టుకున్న పిల్లలు. ముంగిస, ఉడుము, మిగతా పొట్టికాళ్ళన్నీ. పోలి వరస తెంపి ఉండకపోతే, ఒకడు మునగగానే వెనకున్నవాడు కూడా తోక వదలకుండా లోపలికి నడిచేవాడు. వదలకూడదని నేర్పింది ఆయనే.

"నా మోకాలమ్మా," అన్నాడు చాలా చిన్నగా. "నేను చెప్పింది నా మోకాలు."

బడి పెట్టాక మొదటిసారిగా ఆ కొంగ రెండు కాళ్ళ మీదా నిలబడి, పిల్లల్ని అడిగాడు. "మరి మీరు ఎక్కడ దాటాలి? నాకు తెలియదు. ఎవరికైనా తెలుసా?"

ఎవరికీ తెలియదు. కానీ ఒకసారి పెద్దాయనే 'తెలియదు' అన్నాక ఇంకెవరికి సిగ్గు? అందరూ కదిలారు. తలా ఒక రెల్లుపుల్ల పట్టుకుని ఒడ్డు వెంబడి పైకి నడిచారు. నీళ్ళలో గుచ్చి చూడటం, ఎవరి మోకాలికి వాళ్ళు పెట్టి కొలుచుకోవడం. "నాకు నడుందాకా!" "నాకు మెడదాకా, ఇక్కడొద్దు!" "నాకైతే బొడ్డుదాకా!" "నీకు బొడ్డెక్కడుందిరా ఉడుమూ?" ఒకటే గోల. ముంగిస రెండుసార్లు జారింది. ముఖ్య అతిథి ఉపన్యాసం మిగిలిందన్నాడు, ఎవరూ ఆగలేదు.

ఎండ ఏటవాలుగా పడే వేళకి ఒక రాళ్ళ చోటు దొరికింది. అక్కడ ఏరు వెడల్పుగా, పల్చగా, రాళ్ళ మీదుగా గలగలా పారుతోంది. పోలి పుల్ల గుచ్చి తీసింది. తన మోకాలి పక్కన పెట్టుకుంది. తడి సరిగ్గా మోకాలికి ఒక చీమంత కింద ఆగింది.

"ఇక్కడ నా మోకాలండీ," అంది.

ధ్యానయ్య దండ పట్టుకొచ్చాడు. ముక్కు నిండా ముళ్ళు, మాట సరిగా రావడం లేదు. వంగి, బాగా వంగి, పోలి మెడలో వేశాడు. ఈరమ్మ పరిగెత్తుకుంటూ వచ్చి చీమగుడ్ల పొట్లం కూతురి చేతిలో పెట్టింది. పక్కకి తిరిగి ఆ అడవికోడితో, "అడిగింది మాదే," అంది.

పోలి నీళ్ళలోకి దిగింది. చల్లగా ఉంది. తల ఎత్తలేదు, కింద రాళ్ళు చూసుకుంటూ నడిచింది. తిన్నగా కూడా నడవలేదు, రాయి ఎటుంటే అటు నడిచింది. అవతలి ఒడ్డు ఎక్కి వెనక్కి తిరిగితే, ఓబులేసు తన అడుగుల్లోనే అడుగులేసుకుంటూ వస్తున్నాడు.

"పోలీ, ఇప్పుడెటు పోవాలే?" అని అడిగాడు వాడు.

"నాకు తెలియదురా. పద, ఎవరినైనా అడుగుదాం," అంది పోలి.

ఆ ఇద్దరూ, వాళ్ళ వెనక మిగతా పిల్లలూ పెద్ద అడవిలోకి వెళ్ళారు. స్వామి దయవల్ల చల్లగా బతికారు.

మరి బడి ఏమైందంటారా? అబ్బో, బాగా మారింది. పొట్టికాళ్ళవాళ్ళకి తలుపు మూయలేదు సరిగదా, ఇంకో తలుపు తీశారు. ధ్యానయ్య మాస్టారు ఏటి దగ్గరికి పోవద్దన్న నియమం ఎత్తేశాడు. తన భోజనం కాస్త ముందుకి జరుపుకున్నాడు. పై ఏడు పట్టాల పండుగకి నెల ముందు నుంచీ పిల్లలందరినీ వరసలో నిలబెట్టి, "అర్థమైందా?" అని అడుగుతూ, అందరి చేతా ఒక్క గొంతుతో "అర్థం కాలేదండీ!" అని అరిపించాడు. ఆకులు రాలేదాకా అరిపించాడు. తాయారమ్మ ఆ రోజు నవ్విన నవ్వు ఇంకా ఆ కొండల్లో తిరుగుతోందట.

ఏం చేస్తాం నాయనా! కొంగ కొంగే. కానీ ఆ గుంపులో కూడా ఎవరో ఒకరు మెల్లిగా చెయ్యెత్తి, "మాస్టారూ, నాకు మాత్రం అర్థమైందండీ," అన్నారట. ఆయన ముక్కు గోక్కుని, "సరే, కూర్చో తల్లీ," అన్నాడట. ఒంటికాలి మీద మాత్రం నిలబెట్టలేదు. అది చాలు.

ఇక లేవండి. లేచే ముందు ఒక్క మాట. ఈ కథలో కొంగని మర్చిపోండి, దున్నని మర్చిపోండి, నన్నూ మర్చిపోండి. పోలి చేసిన ఒక్క పని గుర్తుపెట్టుకోండి. అందరూ తలూపుతున్నచోట, తన తల కడుపులోకి పోతున్నా పైకి లాగి, "నాకు అర్థం కాలేదండీ" అంది. కాలేజీలో చేరేటప్పుడు, పనిలో కుదిరేటప్పుడు, ఎవరో పెద్దాయన "అదెంతరా, మోకాలి లోతే, దిగు" అన్నప్పుడు, మీరూ ఒక్కసారి ఆ పని చెయ్యండి. రేపే చెయ్యండి. స్వామి మీ పక్కన ఉంటాడు. నవ్వేవాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళని ఉండనివ్వండి.

నీతి: పెద్దలు చెప్పే లోతు వాళ్ళ కాళ్ళతో కొలిచింది గనక, అర్థం కానప్పుడు సిగ్గుపడకుండా అడిగి, నీ కాళ్ళతో కొలుచుకున్నాకే ఏట్లో దిగు.